రంగు మారని నీళ్లు

ఆ సోమవారం నీళ్ల ఆఫీసు హాల్లో చేపలక్క అక్కడి చేపల తొట్టిలోకి మోచేతుల దాకా చేతులు పెట్టి అద్దానికి పట్టిన పాచి గీకుతుండగా, వాళ్ల వీధి ఇస్త్రీ వదిన లోపలికి వచ్చింది. వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. ముగ్గురూ చెప్పులు గుమ్మం బయటే విడిచారు. హాల్లో నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చోమని వాళ్లతో ఎవరూ అనలేదు.

ఇంజనీరు తన గది గుమ్మంలోకి వచ్చి నిలబడే విన్నాడు. ఇస్త్రీ వదిన కూతురు పచ్చకామెర్లతో ఆస్పత్రిలో చేరి ఎనిమిది రోజులైంది. వీధిలో తొమ్మిది ఇళ్లలో వాంతులో విరేచనాలో కామెర్లో, ఏదో ఒకటి ఉంది. నీళ్ల వల్లేనని ఆస్పత్రి నర్సు చెప్పింది. ఇదంతా ఇస్త్రీ వదిన దారి పొడుగునా కూడబలుక్కుని వచ్చినట్టు గబగబా అప్పజెప్పింది. ఆయన చివరిదాకా ఆగలేదు. రిజిస్టరు తెప్పించి వాళ్ల ముఖాల ముందు తెరిచి పట్టుకున్నాడు. వాళ్ల వీధికి నీళ్లిచ్చే ట్యాంకులో రోజూ క్లోరిన్ పొడి కలిపినట్టు ప్రతి గడిలోనూ రాసి ఉంది. ప్రతి గడిలోనూ సంతకం ఉంది.

"నీళ్లలో ఏ లోపమూ లేదు," అన్నాడు. "లోపం ఎక్కడుందో చెప్పనా? ముందు చేతులు కడుక్కోవడం నేర్చుకోండి. బిందెలు తోముకోండి. ఇంట్లో మురికి పెట్టుకుని నా నీళ్ల మీద పడితే ఎలా?"

ఇస్త్రీ వదిన తన అరచేతులు ఒకసారి చూసుకుంది. ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల తెల్లబట్టలు ఆ చేతుల మీదుగా వెళ్తున్నాయి. ఒక్క మరక పడ్డ పాపాన పోలేదు. చేతులు కొంగు కింద దాచుకుని వెనక్కి తిరిగింది.

చేపలక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ తొట్టి ఆఫీసుది, పని ఆఫీసుది. మింగలేక కక్కలేక అద్దాన్ని గీకింది. గీకుడుకి అద్దం కీచుమని అరిచేసరికి గుమాస్తా తలెత్తి చూశాడు.

పాత నీళ్లు సగం తోడేశాక, కొత్త నీళ్లు పోసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. చిన్న గాజు గొట్టంలో గీత దాకా పంపు నీళ్లు పట్టి, పరీక్ష మందు అయిదు చుక్కలు వేసి ఊపాలి. క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపు రంగుకి తిరుగుతాయి. ఎంత ఉంటే అంత ముదురు. అట్టముక్క మీద అచ్చేసిన పసుపు గళ్లతో పోల్చుకుని, దానికి తగినన్ని విరుగుడు చుక్కలు బకెట్లో వేయాలి. వేయకుండా పోస్తే చేపల మొప్పలు కాలిపోతాయి.

ఆఫీసు పంపు ఊరి మధ్య పెద్ద ట్యాంకుది. నీళ్లు ఎప్పట్లాగే పసుపుకి తిరిగాయి. ఆమె బకెట్లో విరుగుడు వేస్తూ లెక్కపెట్టింది. ఏడు, ఎనిమిది. తొమ్మిదో చుక్క దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఇంట్లో ఆమెకి నాలుగు తొట్లున్నాయి. గప్పీ చేపలు పెంచి దుకాణాలకి వేస్తుంది. వాటికి విరుగుడు వేసి ఎన్నాళ్లయింది? పోయిన వానాకాలంలో ఒకరోజు గొట్టంలో రంగు రాలేదు. మర్నాడూ రాలేదు. నాలుగు రోజులు చూసి, పీడా పోయిందని పరీక్ష చేయడమే మానేసింది. మా వీధి నీళ్లు చేపలకి అమృతం అని కనపడ్డవాళ్లందరికీ గొప్పగా చెప్పుకుంది కూడా.

•

ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా పంపు తిప్పి గొట్టం పట్టింది. అయిదు చుక్కలు వేసి ఊపి, తెల్లగోడకి ఎదురుగా పట్టుకుని చూసింది. రంగు లేదు. మందు పాతదేమోనని కొత్త సీసా మూత తీసింది. అప్పుడూ అంతే. వీధి మొదట్లో పంపు దగ్గరికి వెళ్లి పట్టింది, మధ్యలో పట్టింది, చివర్లో పట్టింది. మూడూ కన్నీళ్లంత తేటగా ఉన్నాయి.

మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తున్న అత్త ఇదంతా చూస్తూనే ఉంది.

"ఏమే, నీళ్లని అన్నిసార్లు ఎగాదిగా చూస్తున్నావు. పెళ్లిచూపులా?"

చేపలక్క చెప్పింది. అత్తకి సగమే అర్థమైంది. రంగు రాకపోతే మంచిదే కదా, మందు ఖర్చు లేదని నువ్వే సంబరపడ్డావు కదా అంది.

"మంచిదే అత్తయ్యా. చేపలకి."

సాయంత్రం ఇస్త్రీ వదిన ఆస్పత్రి నుంచి వచ్చి, ఆగిపోయిన బట్టల మూటలు విప్పుతుంటే బల్ల దగ్గరికి వెళ్లి ఆమెకీ చెప్పింది. తప్పు నీ చేతులది కాదు వదినా, నీళ్లలో మందే లేదు అంది. మంచి కబురు తెచ్చినట్టే చెప్పింది. ఇస్త్రీ వదిన పెట్టె పక్కకి నిలబెట్టి ఆమె ముఖంలోకి చూసింది.

"నువ్వు వానాకాలంలోనే చూశావు కదా, రంగు రాలేదని."

"చూశాను."

"అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే?"

ఇస్త్రీ వదిన చొక్కా మీద నీళ్లు చిలకరించి పెట్టె అందుకుంది. గుడ్డ చుయ్యిమంది. ఇక ఆవిడ తలెత్తలేదు.

•

మంగళవారం పొద్దున్న అయిదున్నరకి చేపలక్క ట్యాంకు దగ్గరుంది. ఆ ట్యాంకు మనిషి పరాయివాడు కాదు, ఆమె బావగారే. అత్తకి పెద్ద కొడుకు. రెండు వీధుల అవతల వేరు కాపురం. వాల్వు తిప్పేదీ, పొడి కలిపేదీ, రిజిస్టరులో సంతకం పెట్టేదీ ఆయనే. చేపలక్క మొగుడు లారీ మీద నెలకి ఇరవై రోజులు ఊళ్లు తిరుగుతాడు కాబట్టి, ఇంట్లో ఏ అవసరమొచ్చినా పిలిస్తే పలికే మగమనిషి కూడా ఆయనే.

మరదలి చేతిలో గాజు గొట్టం చూడగానే ఆయన వాల్వు కడ్డీ కింద పెట్టేశాడు. ఆమె అడక్కుండానే చిన్న గది తలుపు తీశాడు. పొడి కలిపే నీలం డ్రమ్ము బోర్లించి ఉంది. దాని అడుగున సాలీడు గూడు కట్టుకుంది.

వానాకాలం నుంచి పొడి రాలేదన్నాడు. అడిగినప్పుడల్లా రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అన్నారు. గడి ఖాళీగా వదిలితే పైవాళ్లు అడుగుతారు, వేశానని రాసెయ్ అన్నారు. రాసేశాడు. ఏడు నెలలు, రోజుకొక సంతకం. తనది కాంట్రాక్టు ఉద్యోగం, ఉఫ్ అంటే ఊడిపోతుంది.

"నా పొట్ట కొట్టకమ్మా," అన్నాడు.

ఆమె అడిగింది ఒక్కటే. మీ ఇంట్లోనూ ఈ నీళ్లే కదా, పిల్లలకి ఏమీ కాలేదా అని. ఆయన కింది కడ్డీ తీసి గోడకి ఆనించాడు.

"మేం కాచుకుని తాగుతున్నాం."

"ఎప్పట్నుంచి?"

"వానాకాలం నుంచి."

చేపలక్కకి ఒళ్లు మండిపోయింది. ఇంజనీరు మీద కోపం దూరపు కోపం. ఇది పక్కింట్లో అంటుకున్న మంట లాంటిది. ఏడు నెలలుగా ఆదివారం ఆదివారం ఈయన ఇంటికి వస్తున్నాడు, తల్లి పక్కన కూర్చుంటున్నాడు. అత్త గ్లాసెడు పంపు నీళ్లు గటగటా తాగుతుంటే చూస్తున్నాడు. కాచుకోండి అనే ఒక్క ముక్కకి నోరు రాలేదు. చెబితే ఎందుకని అడుగుతారు, అదీ భయం. ఆమె తిట్టలేదు. తిట్టడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో ఆమెకే తెలియదు. అక్కణ్నుంచి తిన్నగా ఇంటికొచ్చి పెద్ద గిన్నెలో తాగే నీళ్లు పొయ్యి మీద పెట్టింది. ఎందుకని అత్త అడిగితే జలుబు అంది.

పది గంటలకి ఆఫీసుకి వెళ్లింది. బావగారి పేరెత్తకుండా, రంగు సంగతి మాత్రం చెప్పింది. ఇంజనీరు ఈసారి మెత్తగానే మాట్లాడాడు. అది చేపలకి వాడే మందు, మనుషుల నీళ్లకి చెల్లదన్నాడు. పైగా సీసాలో పట్టి తెస్తే దారిలోనే క్లోరిన్ ఎగిరిపోతుందన్నాడు. ఆ రెండోది నిజమే, ఆమెకీ తెలుసు. అందుకే ఇంకా మండింది. అయితే పంపు దగ్గరికే వచ్చి చూడండి అంది.

"వస్తాం. రేపు తొమ్మిదిన్నరకి, మా ల్యాబు మనిషినే తీసుకుని వస్తాం. నీకెందుకమ్మా ఈ తలనొప్పి? చేపల పని చక్కగా చేస్తావు, అది చేసుకో."

వస్తానన్నాడు కదా అని ఆమె గెలిచినట్టే అనుకుని ఇంటికి నడిచింది.

•

బుధవారం ఇంట్లో తొట్లకి నీళ్లు మార్చే రోజు. ఆ పని అత్తది. చేపలక్క పొద్దున్నే పళ్ల డాక్టరు ఆస్పత్రిలో తొట్టి కడగడానికి వెళ్తే, అత్త ఎప్పట్లాగే ముప్పాతిక నీళ్లు తోడేసి, పంపుకి ట్యూబు తగిలించి నాలుగు తొట్లూ నింపేసింది.

తొమ్మిది కాకుండానే చేపలక్క తిరిగొచ్చింది. గుమ్మంలోనే వాసన తగిలింది, కడిగిన ఆస్పత్రి నేల వాసన. తొట్లలో చేపలన్నీ పైకొచ్చి మూతులు తెరుస్తున్నాయి. కొన్ని అద్దానికేసి ఒళ్లు కొట్టుకుంటున్నాయి, కొన్ని అప్పటికే పక్కకి ఒరిగిపోయాయి. ఆమె విరుగుడు సీసా మూత పళ్లతో లాగి, లెక్కా జమా లేకుండా తొట్లలో గుమ్మరించింది. అప్పటికే ఆలస్యమైంది. మొప్పలు ఎర్రగా కమిలిపోయి, ఈనడానికి సిద్ధంగా ఉన్న ఆడచేపలు పొట్టలు పైకి తేలిపోయాయి.

"నేను ఎప్పుడూ చేసినట్టే చేశానే," అంది అత్త. చేతిలో ట్యూబు ఇంకా కారుతోంది.

చేపలక్క ఆ నీళ్లే గొట్టంలో పట్టి చుక్కలు వేసింది. పసుపు కూడా కాదు, నారింజ రంగు వచ్చింది. అట్టముక్క మీద అంత ముదురు గడే లేదు. ఏడు నెలల పొడి ఒక్క రాత్రిలో పోసేసినట్టున్నారు. ఆమెకి ఏడుపు రాలేదు. దవడలు నొప్పెట్టేదాకా పళ్లు బిగించి, వల గరిటె తీసుకుని చచ్చిన చేపల్ని ఒక్కొక్కటే ప్లాస్టిక్ టబ్బులోకి ఎత్తింది. నూట పద్దెనిమిది.

జీపు చెప్పిన టైముకే వచ్చింది. ఇంజనీరు, ఆయన వెనక పెట్టె పట్టుకుని ల్యాబు మేడం దిగారు. వీధంతా బయటికొచ్చింది. వాల్వు కడ్డీ భుజాన వేసుకుని బావగారు గోడవారగా నిలబడ్డాడు. ల్యాబు మేడం మూడు పంపుల దగ్గరా నీళ్లు పట్టి, తన మందు వేసి, తన అట్టతో పోల్చింది. మూడింటా ముదురు పసుపే. ఇంజనీరు ఒక్కో గొట్టమూ పైకెత్తి అందరికీ చూపించాడు.

"చూశారా? క్లోరిన్ లేదని ఊరంతా టముకు వేసింది ఈవిడ."

జనం చేపలక్క వైపు తిరిగారు. ఇస్త్రీ వదిన కూడా చూసింది. ఆ చూపులో నమ్మకం లేదు.

చేపలక్క లోపలికి వెళ్లి టబ్బు మోసుకొచ్చి వాళ్ల కాళ్ల ముందు పెట్టింది. ఏడు నెలలుగా ఈ పంపు నీళ్లే, ఏ విరుగుడూ వేయకుండా పోస్తున్నాను, ఒక్క చేప చావలేదు, ఇవి ఈ పొద్దున చచ్చాయి అంది. గొంతు పెంచకుండానే అంది. ఇంజనీరు నవ్వి, చేపల్ని చూసుకోవడం చేతకాక చంపుకుంటే మాదా పూచీ అన్నాడు. కానీ ల్యాబు మేడం నవ్వలేదు. టబ్బు ముందు గొంతుక్కూర్చుని ఒక చేప మొప్ప వేలితో ఎత్తి చూసింది.

"నిజంగా విరుగుడు వేయకుండానే మార్చేవారా? ప్రతి వారమూనా?" అని అడిగింది.

అవునని చేపలక్క కాదు, అత్త చెప్పింది. మార్చేది నేనే, విరుగుడంటే ఏమిటో కూడా నాకు తెలియదు అంది. ల్యాబు మేడం పెన్ను రాయడం ఆపేసింది. ఇంజనీరు వైపు చూసింది. రోజూ క్లోరిన్ ఉన్న నీళ్లలో ఆ చేపలు రెండో వారం చూసేవి కావని ఆ చూపులోనే ఉంది. ఇంజనీరుకీ అర్థమైంది. ఆయన మాట మార్చడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒకవేళ పొడి కలపడంలో అశ్రద్ధ జరిగితే అది ట్యాంకు మనిషిది, రోజూ సంతకం పెట్టింది అతనే, ఈ పూటే పనిలోంచి తీసేస్తాం అన్నాడు. కంచే చేను మేసి, తప్పంతా గడ్డిపరక మీదకి తోసినట్టుంది.

చేపలక్క ఎవరి మీద రాయి వేస్తే ఎవరికి తగిలింది? బావగారు తలెత్తలేదు. వేశాననీ అనలేదు, వేయలేదనీ అనలేదు.

అప్పుడు అత్త మెట్లు దిగి, చీర కుచ్చెళ్లు తడిగా ఉన్నవి ఉన్నట్టే, జనం మధ్యలోంచి నడిచి పెద్దకొడుకు ఎదురుగా నిలబడింది.

"పొడి వేశావా, లేదా? ఆయనకి కాదు. నాకు చెప్పు."

"లేదమ్మా."

"ఎందుకు వేయలేదు?"

"రాలేదు. నిన్న సాయంత్రం నాలుగు బస్తాలు పంపి, తెల్లారేసరికి అన్నీ కలిపెయ్ అన్నారు. అంతకుముందు ఏడు నెలలు ఒక్క బస్తా రాలేదు. వేసినట్టు రాయమన్నారు."

"ఎవరు?"

ఆయన పేరు చెప్పలేదు. కడ్డీ భుజం మీంచి దించి, తిన్నగా ఇంజనీరు ముఖంలోకి చూశాడు. వీధంతా అటే చూసింది.

అత్త మాత్రం అటు తిరగలేదు. "నిన్న నా కోడలు జలుబని నీళ్లు కాచింది. దానికి జలుబూ లేదు, నాకూ లేదు. నీ ఇంట్లో ఎప్పట్నుంచి కాస్తున్నారు?"

బావగారు చూపు కడ్డీ మీదకి దించుకున్నాడు.

"మందు లేదని నీకు తెలుసు. నేను తాగుతున్నాననీ నీకు తెలుసు," అంది అత్త. కేక లేదు, శాపం లేదు. బిందె ఖాళీ అయిందన్నంత మామూలుగా అంది. తర్వాత వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఇంజనీరు జీపెక్కి హారన్ కొట్టించాడు. ల్యాబు మేడం ఎక్కలేదు. మెట్ల మీద కూర్చుని కాగితం మోకాలి మీద పెట్టుకుని, మళ్లీ మొదటినించీ చెప్పండి అని బావగారిని అడిగింది. జీపు ఆవిణ్ని వదిలేసి వెళ్లిపోయింది. ఆవిడ రెండు పేజీలు రాసుకుని, సంతకం పెట్టించుకుని, ఎండలో నడిచి వెళ్లింది.

•

గురువారం బావగారి ఉద్యోగం పోయింది. శుక్రవారం ఆఫీసు తొట్టికి వేరే మనిషిని చూసుకున్నామని చేపలక్కకి కబురొచ్చింది. ఇంజనీరుకి పైనుంచి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చిందన్నారు. అంతకు మించి ఏమైందో ఎవరికీ తెలియదు. శనివారం ఇస్త్రీ వదిన కూతురు ఇంటికొచ్చింది. కళ్లలో పచ్చదనం ఇంకా పోలేదు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆ సాయంత్రం ఇస్త్రీ వదిన గ్లాసెడు నీళ్లు పట్టుకుని చేపలక్క ఇంటికొచ్చి, అది చూడ్డం ఎలాగో నాకూ నేర్పు అంది. ఆదివారానికి వీధిలో ఆరుగురికి చుక్కలు వేయడం వచ్చింది.

సోమవారం పొద్దున్న అయిదూ ముప్పావు అయింది. ఇంకా నీళ్లు రాలేదు. ఆరైనా రాలేదు. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు పంపుల దగ్గర నిలబడ్డారు. చేపలక్కకి అనుమానం వచ్చి ట్యాంకు దగ్గరికి వెళ్లింది. అత్త కూడా చెప్పులు వేసుకుని వెనకే వచ్చింది. బుధవారం తర్వాత ఆవిడ పెద్దకొడుకు మాట ఎత్తలేదు.

బావగారు అక్కడే ఉన్నాడు. వాల్వు గుంట మీద ఇనుప మూత ఉంటుంది. దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా కొత్త ట్యాంకు మనిషి, ముప్పై దాటినవాడు, చంకలో రిజిస్టరు, ముఖం నిండా చెమటలు. పంపిన నాలుగు బస్తాలూ మొదటి రాత్రే అయిపోయాయి, ట్యాంకులో మిగిలిన వాసన నిన్నటితో పోయింది, ఇవాళ పొడి లేదు. ఫోన్ చేస్తే రేపు వస్తుంది, రాసెయ్ అన్నారట.

"లేవండి సార్, జనం కాచుకుని ఉన్నారు," అని బతిమాలుతున్నాడు.

"పొడి వచ్చాక తిప్పుదువు."

"నా ఉద్యోగం పోతుంది."

"పోతుంది," అన్నాడు బావగారు. "రాస్తే ఇంకోటి పోతుంది. వేయనిది రాయకు. ఇవాళ ఒక్క గడి ఖాళీగా వదిలెయ్. నేను ఒక్కటి కూడా వదల్లేదు."

చేపలక్కకి ఆయన మీద కోపం ఇసుమంత కూడా తగ్గలేదు, తగ్గుతుందని కూడా అనిపించలేదు. వీధిలోకి వెళ్లి ఇస్త్రీ వదినకి సంగతి చెప్పింది. పావుగంటలో పాతికమంది ఖాళీ బిందెలతో ట్యాంకు చుట్టూ చేరారు. ఎండెక్కింది. ఎవరూ ఆయన్ని లేవమనలేదు. ఎవరో ల్యాబు మేడంకి ఫోన్ చేశారు, ఎవరో ఆస్పత్రి నర్సుకి చేశారు. పదింటికి ఒక ఆటో వచ్చి రెండు బస్తాలు దించింది.

నీలం డ్రమ్ము తిరగేసి కడిగి, పొడి ఎంత, నీళ్లు ఎంత, ఎంతసేపు కలపాలో బావగారే కొత్తవాడికి చూపించాడు. కొత్తవాడు రిజిస్టరు తెరిచి ఏమని రాయాలన్నాడు. ఎన్నింటికి వేశావో అదే రాయమన్నాడు ఈయన. పదీ నలభై అని రాశాడు.

ఆడవాళ్లు బిందెలు ఎత్తుకుని పంపుల వైపు నడిచారు. బావగారు చేతులకి అంటిన పొడి దులుపుకుంటూ తల్లి ఉన్న వైపు చూడకుండా రోడ్డెక్కబోయాడు.

"ఆగు," అంది అత్త.

ఆయన ఆగాడు. ఇంటికి రమ్మంటుందేమో, అన్నం తిన్నావా అని అడుగుతుందేమో అని చేపలక్క కూడా చూసింది. అత్త అవేమీ అనలేదు.

"రేపు అయిదున్నరకి మళ్లీ రా," అంది. "ఎల్లుండీ రా. నేను చెప్పేదాకా రోజూ వచ్చి ఆ మూత మీద కూర్చో."